గుడి దగ్గర గొడవట... వెళ్లొచ్చా?

"రామతీర్థం వెళ్దామనుకున్నాం. అక్కడ పోలీసులు దిగారట, నాయకులు వస్తున్నారట. పిల్లలతో వెళ్లడం మంచిదేనా?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గుడి పేరు మారుతుందేమో గానీ ఈ ప్రశ్న మాత్రం తరచూ వినిపిస్తూనే ఉంటుంది. ఊరికే ధైర్యం చెప్పేస్తే సరిపోదు, ఊరికే భయపెట్టినా సరిపోదు. ముందు అంకెలు చూద్దాం.

2025లో మన రాష్ట్రంలో దర్శనాల వేళ మూడు ఘోరాలు జరిగాయి. జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారు తొక్కిసలాటలో చిక్కుకుని ఆరుగురు చనిపోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, వాన కురుస్తున్న వేళ, క్యూ మీద గోడ కూలి ఏడుగురు చనిపోయారు. నవంబరు 1న, కార్తీక ఏకాదశి శనివారం, మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వేంకటేశ్వరస్వామి గుడి మెట్ల దగ్గర తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. పది నెలలు నిండకుండానే 22 ప్రాణాలు పోయాయి. ఈ మూడు చోట్లా ఆ రోజు పార్టీల గొడవ లేదు, మతాల గొడవ లేదు. ఉన్నది జనం, ఇరుకు దారి, బలం లేని గోడ.

దీన్నిబట్టి రాజకీయ ఉద్రిక్తతను పట్టించుకోనక్కర్లేదని అనడం లేదు. అది వేరే రకం ప్రమాదం. అది వచ్చే వేళ చాలావరకు ముందే తెలుస్తుంది కాబట్టి తప్పుకోవచ్చు. రద్దీ ప్రమాదానికి ముందస్తు ప్రకటన ఉండదు, దాన్ని మనమే కళ్లతో కొలుచుకోవాలి. బయలుదేరే ముందు రెండూ చూసుకోవాలి, కానీ చూసుకునే పద్ధతులు వేరు.

ముందు రామతీర్థం సంగతి. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉంది. 2020 డిసెంబరు 28 రాత్రి బోడికొండ మీది కోదండరామాలయంలో రాముడి విగ్రహం శిరస్సును ఎవరో ఖండించారు. మర్నాడు సంగతి బయటపడింది. శిరస్సు కొండ మీది కోనేటిలో దొరికింది. అదే ఏడాది సెప్టెంబరులో అంతర్వేది ఆలయ రథం కాలిపోయి ఉండటంతో రాష్ట్రమంతా అప్పటికే రగులుతోంది. 2021 జనవరి 2న తెలుగుదేశం అధినేత చంద్రబాబునాయుడు, అప్పటి వైఎస్సార్సీపీ ఎంపీ విజయసాయిరెడ్డి ఒకే రోజు అక్కడికి వెళ్లారు. రెండు పార్టీల కార్యకర్తలు ఎదురుపడ్డారు, రాళ్లు పడ్డాయి, ఎంపీ కారు అద్దం పగిలింది. జనవరి 5న బీజేపీ, జనసేన తలపెట్టిన యాత్రను పోలీసులు అడ్డుకున్నారు. తిరుపతిలో చెక్కిన కొత్త విగ్రహాలను జనవరి 28న కొండ కింద బాలాలయంలో ఉంచారు. బాలాలయమంటే అసలు గుడి సిద్ధమయ్యేదాకా స్వామిని నిలిపే తాత్కాలిక గుడి. 2021 డిసెంబరు 22న కొండ మీది ఆలయ పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగిన రోజు వేదిక దగ్గరే మళ్లీ తోపులాట. చివరికి 2022 ఏప్రిల్ 25న కొత్త ఆలయంలో ప్రతిష్ఠ పూర్తయింది.

ఈ తేదీలను ఒక వరసలో పెట్టి చూడండి. ఘటన బయటపడిన రోజు నుంచి పునఃప్రతిష్ఠ దాకా దాదాపు 16 నెలలు, అంటే 482 రోజులు. అందులో బాగా వేడెక్కిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవే. నాయకుడి పర్యటన, పార్టీ యాత్ర, శంకుస్థాపన వంటి ఆ రోజుల్లో చాలావాటి గురించి ముందే పేపర్లో వచ్చింది. ఉద్రిక్తతకు ఒక షెడ్యూలు ఉంటుంది. ఆ షెడ్యూలు తెలుసుకుని పక్కకు తప్పుకోవడమే భక్తుడు చేయాల్సిన పని. మీరు వెళ్లాలనుకున్న రోజే పెద్ద నాయకుడెవరైనా వస్తున్నారంటే, ఏ పార్టీ వారైనా సరే, ప్రయాణం ఒకరోజు వాయిదా వేసుకోండి. మీరు ఆ పార్టీ అభిమానే అయినా ఇదే నా సలహా.

ఇంకో సంగతి. గొడవ జరిగిన గుడి కొండ మీదిది. కొండ కింద ఉన్న రామస్వామి ఆలయం వేరు, అక్కడి మూర్తులు వేరు. "రామతీర్థంలో విగ్రహం పోయిందట" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతే ఈ తేడా తెలియదు. వార్త విన్నప్పుడు మొదట అడగాల్సినవి మూడు. ఏ గుడి? అందులో ఏ భాగం? ఏ తేదీ? వాట్సాప్‌లో తిరిగే వీడియోలకు సాధారణంగా ఈ మూడూ ఉండవు.

"144 సెక్షన్ పెట్టారట. అంటే గుడి మూసేసినట్టేనా?" కాదు. ముందుగా, ఆ అంకె ఇప్పుడు మారింది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం అది. పాత 144 అందులో 163వ సెక్షన్ అయింది. జనం నోట మాత్రం ఇంకా 144 అనే ఉంది. గొడవ జరిగే ప్రమాదం ఉందనుకున్నప్పుడు మేజిస్ట్రేటు ఫలానా చోట ఫలానా పని చేయకూడదని ఇచ్చే ఉత్తర్వు ఇది. మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా పొడిగిస్తే మరో ఆరు నెలల దాకా సాగవచ్చు. గుడి తెరవాలా మూయాలా అన్నది ఈ సెక్షన్ తనంతట తానుగా చెప్పదు. ఎక్కడ, ఎవరికి, ఎన్ని గంటల వరకు, దేనికి మినహాయింపు అన్నవన్నీ ఆ రోజు ఇచ్చిన ఉత్తర్వులోనే రాసి ఉంటాయి.

"మా ఇంట్లో ఆరుగురం. ఒకే ఆటోలో వెళ్తే ఐదుగురికి మించారని పట్టుకుంటారా?" ఇది చాలామందికి నిజంగా ఉన్న భయం. ఆ ఐదు అనే అంకె 163వ సెక్షన్‌లో లేదు. చట్టవిరుద్ధమైన గుంపు అంటే ఏమిటో చెప్పే వేరే నిబంధనలో ఉంది. అక్కడా ఐదుగురు కలిసి కూర్చోవడం నేరం కాదు, ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి చట్టం ఒప్పని ఉద్దేశంతో గుమిగూడటం నేరం. కాకపోతే గుంపులుగా తిరగకూడదని ఉత్తర్వులో స్పష్టంగా ఉంటే మాత్రం దాన్ని పాటించాల్సిందే. మీరితే ఆరు నెలల వరకు జైలు లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, కొన్నిసార్లు రెండూ. మీ వల్ల ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చిందని తేలితే అది ఏడాదికి, 5,000కు పెరుగుతుంది. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ వెనక్కి వెళ్లమంటే అక్కడ చట్టం గురించి చర్చ పెట్టుకోకండి. "దర్శనానికి వచ్చామండి, ఎప్పుడు వదులుతారు?" అని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నకే పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

30వ సెక్షన్ అన్న మాట కూడా మన జిల్లాల పేపర్లలో తరచూ కనిపిస్తుంది. రామతీర్థంలో యాత్రను ఆపేటప్పుడూ వినిపించింది. ఇది 1861 నాటి పోలీసు చట్టంలోది. సభలు, ఊరేగింపులు పెట్టేవారు ముందుగా అనుమతి తీసుకోవాలని చెప్పే సెక్షన్ ఇది. కొబ్బరికాయ పట్టుకుని వెళ్లే కుటుంబానికి దీంతో పనిలేదు. కానీ మీరు పాదయాత్రగా, బ్యానర్‌తో, మైకుతో, యాభై మందితో వెళ్తుంటే పని ఉంది. ఊరి భజన బృందాలు, మాలధారణ చేసిన గురుస్వాములు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముందురోజే స్థానిక స్టేషన్‌లో చెప్పి, అనుమతి తీసుకుని వెళ్తే దారిలో ఆగాల్సిన అవసరం రాదు.

కర్ఫ్యూ సంగతి వేరు. అప్పుడు ఇంట్లోంచి బయటికి రావడమే నిషేధం. విజయనగరం పట్టణం దాన్ని చూసింది. 2013 అక్టోబరు 3న తెలంగాణ ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపాక, అప్పటి పీసీసీ అధ్యక్షుడు బొత్స సత్యనారాయణ కుటుంబ ఆస్తులపై దాడులు జరిగాయి. పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు. సరిగ్గా అది పైడితల్లి అమ్మవారి పండగ నెల. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను ఉత్సవం, దానికి ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఇలాంటప్పుడు కర్ఫ్యూని ఒకేసారి ఎత్తేయరు. మొదట గంట, రెండు గంటలు సడలిస్తారు, తర్వాత పగలంతా, ఆ తర్వాత రాత్రి. సడలింపు మొదలైన మొదటి గంటలో పాలు, కూరగాయలు, మందుల కోసం ఊరంతా ఒక్కసారి రోడ్డు మీదికి వస్తుంది. బయటి ఊళ్ల నుంచి దర్శనానికి వచ్చేవారు ఆ గంటలో అక్కడ ఉండకపోవడమే ఊరివారికి మనం చేయగల సాయం.

ఉత్తర్వు మీరు వెళ్లే చోటుకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవడంలో ఒక చిన్న చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. పాలకొండ శ్రీకాకుళం నుంచి, సాలూరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. మనం ఇంకా పాత అలవాటులోనే మాట్లాడుకుంటాం కాబట్టి "శ్రీకాకుళం జిల్లాలో ఆంక్షలు" అని వినగానే పాలకొండ ప్రయాణం మానుకునేవారు ఉంటారు. జిల్లా పేరు దగ్గర ఆగకుండా మండలం పేరు చూడండి. జిల్లా పోలీసుల ప్రకటన చూసుకోండి, ఆలయ కార్యాలయానికి ఒక ఫోన్ చేయండి. అన్నిటికన్నా నమ్మకమైన కబురు గుడి దగ్గర పూలూ కొబ్బరికాయలూ అమ్మేవారిది. ఆ పూట అంగడి తెరిచారా లేదా అన్నది ఏ వార్తా ఛానల్ కన్నా వారికే ముందు తెలుస్తుంది.

మీకు వచ్చిన వీడియోను ఇంకొకరికి పంపే ముందు ఇది కూడా తెలుసుకోండి. వర్గాల మధ్య శత్రుత్వం రేపే మాట, రాత, బొమ్మ, అది ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నా సరే, నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుకు దారి తీయవచ్చు. అదే నేరం ప్రార్థనా స్థలంలోనో, మతపరమైన కార్యక్రమం జరుగుతున్న గుంపులోనో చేస్తే ఐదేళ్ల దాకా. గుడి ఆవరణలో నిలబడి ఆవేశంగా లైవ్ పెట్టే కుర్రాళ్లకు ఇంట్లో పెద్దవారు ఈ అంకెలు చెప్పాలి.

ఇక రద్దీ. కాశీబుగ్గలో రెండు మూడు వేల మందికి సరిపోయే చోటుకు అంతకు ఎన్నో రెట్ల మంది వచ్చారని ఆ రోజు అధికారులు చెప్పారు. మెట్ల దగ్గర రెయిలింగు విరిగిపోయింది. అది దేవాదాయ శాఖ కింద లేని ప్రైవేటు గుడి. అంత జనం వస్తారని పోలీసులకు ముందుగా తెలియజేయలేదని ప్రభుత్వం చెప్పింది. మనకు పనికొచ్చే ప్రశ్న ఒకటే. ఎంత మంది అయితే చాలా ఎక్కువ?

జనసమూహాలను అధ్యయనం చేసేవారు దీన్ని చదరపు మీటరుకు ఎంతమంది అని కొలుస్తారు. మనింటి లెక్కలోకి మార్చుకుందాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది అంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. ఆ గదిలో సామాను లేకుండా 18 మంది నిలబడితే చేతులు కదిలించుకోవచ్చు, తిరగవచ్చు. 37 మంది నిలబడితే భుజాలు తగులుతాయి. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి ఇక అక్కడ ఉండకూడదు. 55 మందిని ఎక్కిస్తే ఎవరి అడుగు వారి అధీనంలో ఉండదు. వెనక ఒకరు తూలితే ఆ తోపు ముందున్న మనిషి దాకా వెళ్తుంది. ఈ చివరి స్థితిలో మనుషులు చనిపోయేది చాలావరకు కాళ్ల కింద పడి కాదు. నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక చనిపోతారు. ఊపిరి తీయాలంటే ఛాతీ ముందు కాస్త ఖాళీ ఉండాలి.

అందుకే క్యూలో ఉన్నప్పుడు మీ చుట్టూ ఒకసారి చూడండి. రెండు భుజాలకూ ఒకేసారి మనుషులు తగులుతున్నారంటే మీరు 37 దాటిన గదిలో ఉన్నట్టే. ఇంకా బయటికి రాగలిగే వేళ అదే. ఎదురు తోయకుండా, పక్కకూ వెనక్కూ ఏటవాలుగా జరుగుతూ అంచుకు రండి. రాలేకపోతే రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకోండి. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగకండి. పిల్లలను నడిపించకుండా ఎత్తుకోండి. గోడకో రెయిలింగుకో ఆనుకుంటే భద్రం అనుకుంటాం. 2025లో మన రాష్ట్రంలో జరిగిన ఆ మూడు ఘటనల్లో ఒకచోట గోడ, ఒకచోట రెయిలింగు ఆగలేదు. అంచు అంటే ఖాళీ ఉన్న అంచు.

"ఇంకా ఎంతసేపు పడుతుందో తెలిస్తే ఉండాలో వెళ్లాలో తేల్చుకోవచ్చు కదా?" తెలుసుకోవచ్చు. క్యూ పక్కన ఒక స్తంభాన్ని గుర్తు పెట్టుకుని ఐదు నిమిషాల్లో దాన్ని ఎంతమంది దాటారో లెక్కపెట్టండి. 60 మంది దాటారనుకుందాం, నిమిషానికి 12. మీ ముందు సుమారు 1,500 మంది ఉంటే 125 నిమిషాలు, అంటే రెండు గంటలు దాటుతుంది. షుగరు ఉన్న పెద్దవారికి, ఉపవాసం ఉన్నవారికి రెండు గంటలు నిలబడటం చిన్న విషయం కాదు. ఏకాదశి నాడు క్యూలో ఉన్నవారిలో ఎక్కువమంది పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వచ్చినవారే కావచ్చు. స్వామి మర్నాడూ అక్కడే ఉంటాడని ఇంట్లో పెద్దావిడకు నచ్చజెప్పడం కష్టమే. అయినా చెప్పి తీరాలి.

రోజు మార్చుకోవడానికి మన ప్రాంతంలో ఒక వెసులుబాటు ఉంది. గుళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం శ్రీకాకుళం పట్టణానికి ఆనుకునే ఉంది. రెండు ధ్వజస్తంభాలున్న శ్రీకూర్మం అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే. గార మండలంలో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది. జలుమూరు మండలంలోని శ్రీముఖలింగం పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దూరం. కాబట్టి ఒక చోట బందోబస్తు కనిపిస్తే రోజంతా పోదు, వరస మారుతుంది అంతే. రథసప్తమి నాడు మాత్రం అరసవల్లిని ఈ లెక్కలో పెట్టుకోకండి. సూర్యకిరణాలు మూలవిరాట్టును తాకే మార్చి, అక్టోబరు రోజులకూ అంతే. సూర్యోదయ వేళ కొన్ని నిమిషాల కోసం వేలమంది ఒకే ద్వారం దగ్గర చేరతారు.

సరిహద్దు దాటి వెళ్లేవారికి ఇంకో రెండు మాటలు. మహేంద్రగిరి ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. కానీ శివరాత్రికి మన మందస, పలాస వైపు నుంచి కూడా జనం కొండెక్కుతారు. పైన కుంతి, భీముడు, యుధిష్ఠిరుడి పేర్లతో పురాతన రాతి గుళ్లు ఉన్నాయి. ఎత్తు 1,501 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కాబట్టి, పలాసలో రాత్రి 18 డిగ్రీలుంటే పైన 8 దరిదాపుల్లో ఉండవచ్చు. జాగారానికి పల్చటి పంచెతో వెళ్లేవారికి అసలు ప్రమాదం ఇదే. ఈ కొండలు 1960ల చివరి శ్రీకాకుళం గిరిజన పోరాటం నాటి నుంచి పోలీసులకు, నక్సలైట్లకు మధ్య నలిగిన కొండలు. అందుకే ఆధార్ కార్డు జేబులో ఉండాలి, అడిగితే చూపించాలి, చీకటి పడ్డాక తెలియని అడవి దారి పట్టకూడదు, భద్రతా దళాలను, వారి క్యాంపులను ఫొటో తీయకూడదు.

సాలూరు వైపు కొటియా గ్రామాల సంగతి వేరే. 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోట్లాడుకుంటున్నాయి. 2021లో అక్కడ మన పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. అటు వెళ్లినప్పుడు రెండు రాష్ట్రాల బోర్డులు, ఒక్కోసారి ఇద్దరు అధికారుల వాదన కనిపించవచ్చు. అందులో మనం తలదూర్చనక్కర్లేదు.

"ఒడిశాలో మన సామాను పోతే, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి? భాష కూడా రాదు." 112 నంబరు రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. ఫిర్యాదు కోసం నేరం జరిగిన చోటి స్టేషనే వెతుక్కోనక్కర్లేదు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం తీవ్రమైన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. వారు నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. అంటే మందసకో పలాసకో దిగివచ్చి తెలుగులోనే చెప్పుకోవచ్చు. గాయమైతే ముందు దగ్గరి ఆసుపత్రికి, ఆ తర్వాతే కాగితాలు.

"ఇన్ని జాగ్రత్తలు పడి వెళ్లడం అంత అవసరమా?" అని అడిగేవారికి మళ్లీ రామతీర్థమే చూపిస్తాను. అక్కడ రాముడి గుడి ఒక్కటే లేదు. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ గుహలో జైన విగ్రహాలున్నాయి, పదకొండో శతాబ్దం తొలినాళ్లలో పాలించిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఒకటి త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువును తలుచుకుంటుంది. మూడు మతాలవారు పక్కపక్క కొండల మీద తపస్సు చేసుకున్న చోటును ఒక రాత్రి జరిగిన నీచమైన పని పేరుతోనే పిల్లలకు పరిచయం చేయడం నాకు బాధగా ఉంటుంది. భీష్మ ఏకాదశి కల్యాణమూ, శివరాత్రి జాతరా లేని మామూలు మంగళవారమో బుధవారమో చూసుకోండి. పొద్దున్నే విజయనగరంలో బయలుదేరి, ఎండ ముదిరేలోగా బోడికొండ ఎక్కి దిగండి. కింద రామస్వామి దర్శనం చేసుకుని, ఓపిక ఉంటే గురుభక్తులకొండకు కూడా వెళ్లండి. బౌద్ధ శిథిలాల దగ్గర నీడ తక్కువ, తాగునీళ్లు మీరే తీసుకెళ్లాలి, ఒక్కొక్కరికి లీటరుకు తగ్గకుండా.